ఫైర్ ఆఫీసర్ ఇంటర్వ్యూకి ఏ చీర?

మన తమిళనాట గ్రూప్-1 పరీక్ష రాసి అగ్నిమాపక శాఖలో జిల్లా అధికారి కావచ్చు. 2003లోనే ప్రియా రవిచంద్రన్, మీనాక్షి విజయకుమార్ ఆ శాఖలో అధికారులుగా చేరారు. "ఆడపిల్లకి ఇదేం ఉద్యోగమే" అనే అత్తయ్యలకి జవాబు ఎప్పుడో వచ్చేసింది. ఇక మిగిలింది, ఇంటర్వ్యూ రోజు ఏం కట్టుకోవాలి?

గంజి పెట్టి ఇస్త్రీ చేసిన లేత రంగు నూలు చీర. పమిట మడతలు పెట్టి భుజం దగ్గర పిన్ను. చీర అలవాటు లేనివాళ్లకి సల్వారే నయం. చెయ్యి మాటిమాటికీ పమిట మీదికి పోతుంటే జవాబు మీద మనసు నిలవదు కదా! ముందురోజు కట్టుకుని నాలుగు మెట్లు ఎక్కి దిగి చూడండి. ఖాకీ రంగు మాత్రం వద్దు, ఉద్యోగం రాకముందే యూనిఫాం వేసుకున్నట్టుంటుంది. చెప్పులు చప్పుడు చెయ్యనివి.

పాలియెస్టర్ చీర నలగదు, నిజమే. కానీ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలు కూడా మండుతుంది, త్వరగానే మండుతుంది, అయితే అలా కరిగి అంటుకోదు. వంటింట్లో నైలాన్ చీర వద్దని పెద్దవాళ్లు పోరేది ఇందుకే. "నూలు చీరే ఎందుకమ్మా?" అని బోర్డులో ఎవరైనా అడిగితే ఈ సంగతే చెప్పండి. ఆ శాఖకి వచ్చే అమ్మాయికి ఇది తెలిసుండాలి.