జెంటూ అను ఆంగ్ల విశేషణము

ఆంగ్లభాషలో మన తెలుగును గూర్చి ఒకప్పుడు వాడబడి, నేడు మరుగుపడిన విశేషణమొకటి కలదు. అది 'జెంటూ'. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల యందలి మన విద్యార్థులు నిఘంటువున ఈ పదమును చూచినను, అది దక్షిణ సముద్రములందలి యొక పెంగ్విను పక్షి పేరని తలచి పుట త్రిప్పుదురు. ఆ పక్షికి ఆ పేరుండుట నిజమే. కాని పూర్వము చెన్నపట్టణమందలి ఆంగ్లేయులు 'జెంటూ భాష' యనిన, అది మన తెలుగే. ఈ మాట యెక్కడ పుట్టెను? మన కేల తగులుకొనెను? విచారింతము.

లాటిను భాషలో 'జెన్స్' అనగా వంశము, జాతి. దానినుండి 'జెంటిలిస్' అను విశేషణము కలిగెను. 'ఒకే వంశమునకు చెందిన' యని దాని మొదటి యర్థము. పిమ్మట క్రైస్తవ గ్రంథకర్తలు యూదులు గాని జనములకు ఈ పదమును వాడిరి. మన తెలుగు బైబిలులో 'అన్యజనులు' అని చదువుచున్నది ఈ భావమునే. కాలక్రమమున 'క్రైస్తవుడు కానివాడు, విగ్రహారాధకుడు' అను అర్థము దానికి అంటుకొనెను. పోర్చుగీసు భాషలో అది 'జెంతియు' అయ్యెను.

1498లో వాస్కో డ గామా కోళిక్కోడు ప్రాంతమును చేరిన పిమ్మట, పోర్చుగీసువారు మన దేశమున మహమ్మదీయులను 'మూరులు' అనియు, హిందువులను 'జెంతియులు' అనియు పిలిచిరి. తరువాత వచ్చిన ఆంగ్లేయులు ఆ మాటను తమ నోటికి అనువుగా 'జెంటూ' యని పలికిరి. వారు 1611లో మచిలీపట్టణమున వర్తకము ప్రారంభించిరి. నేడు సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు జాతీయ రహదారి ఆ పట్టణమునకే చేరును.

మొదట ఈ పదము హిందువులందరికిని వర్తించెను. 1776లో హాల్‌హెడ్ దొర హిందూ ధర్మశాస్త్రమును పారసీకమునుండి ఆంగ్లమునకు మార్చి, దానికి 'జెంటూ' ధర్మముల సంగ్రహమను పేరిడెను. అది తెలుగువారిని గూర్చిన గ్రంథము కాదు. అయితే చెన్నపట్టణపు ఆంగ్లేయులు తమిళులను 'మలబారులు' అనియు, తెలుగువారిని 'జెంటూలు' అనియు వేరుపరచి పిలుచుచుండిరి. అందుచే అచ్చట ఈ పదము తెలుగునకే రూఢమయ్యెను.

ఇచ్చట ఒక వింత గమనింపదగినది. 1814లో శ్రీరాంపురమున మిషనరీయగు విలియం కేరీ మన భాషకు ఆంగ్లమున వ్యాకరణము వ్రాసి, దానిని 'తెలింగ' శబ్దముతో పేర్కొనెను. 1816లో క్యాంబెల్ దొర తన వ్యాకరణమునకు 'తెలుగు' అను పేరునే యుంచెను. 1817లో విలియం బ్రౌను తన వ్యాకరణమును 'జెంటూ' భాషా వ్యాకరణమనెను. నాలుగేండ్లలో ఒకే భాషకు మూడు పేర్లు! వానిలో మొదటి రెండును ఈ దేశపు పేర్లు. మూడవది పరులు పెట్టినది. 1852లో సి. పి. బ్రౌను తన నిఘంటువును 'తెలుగు' పేరిటనే ప్రకటించెను. పరుల పేరు క్రమముగా తొలగి, మన పేరు నిలిచెను.

ఈ పదమునకు బంధువులు గొప్పవారు. సౌమ్యమను అర్థముగల 'జెంటిల్' అను పదమును, మర్యాదగల యను అర్థమిచ్చు 'జెంటీల్' అను పదమును ఆ లాటిను మాట సంతతియే. సద్వంశమున పుట్టినవాడు సౌమ్యుడుగా నుండునను తలంపుతో ఆ యర్థములు కలిగెను. మరియు 'జెన్స్' అను లాటిను పదమును, మన 'జన' శబ్దమును ఒకే ప్రాచీన ధాతువునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఒక మూలమునుండియే సౌమ్యునకు పేరు వచ్చెను, అన్యునకును పేరు వచ్చెను. భేదమంతయు పిలుచువాని మనస్సునందు కలదు.

ఈ విషయమున మనమును నిర్దోషులము కాము. తురుష్కులకు చెందిన 'తురక' శబ్దమును మన పల్లెలలోని మహమ్మదీయులందరికిని అంటగట్టితిమి. వారి పూర్వులలో ఈ నేలనే పుట్టినవా రెందరో కలరు. పాఠశాలలో క్రొత్తగా చేరిన బాలుని పేరడుగక, ఊరి పేరుతోనో కులము పేరుతోనో పిలుచువారు నేటికిని కలరు. పిలుచువాడు మరునాడే మరచును, పిలువబడినవాడు పెద్దవాడైనను మరువడు.

కావున విద్యార్థులారా, 'జెంటూ' అను పదము పరీక్షలో రాకపోవచ్చును. అయినను అది నేర్పు పాఠము ప్రతిదినమును పనికివచ్చును. ఎవనినైనను పిలువకముందు, నీ పేరేమని అడుగుడు. అతడు చెప్పిన పేరుతోనే పిలువుడు. తల్లిదండ్రులును తమ యిండ్లలో ఈ మర్యాదను అలవరతురుగాక యని కోరుచున్నాము.