నడతయే నుడికి సాక్షి
(సిమోన్ వెయిల్ నోటుపుస్తకములు)

నుడికి తగిన నడత లేనివాడు శరణుడు కాజాలడనుట బసవేశ్వరుని బోధలలో ముఖ్యమైనది. 12వ శతాబ్దమున కల్యాణములోని శరణులు తమ తమ కాయకములను విడువకయే తత్త్వమును పలికిరి. ఈ గీటురాయి మీద పరదేశీయుల వ్రాతలను సైతము ఒరసి చూడవచ్చును. ఫ్రాన్సు దేశీయురాలగు సిమోన్ వెయిల్ నోటుపుస్తకములు అట్టి పరీక్షకు తగినవి.

ఆమె 1909 ఫిబ్రవరి 3వ తేదీన పారిస్ నగరమున యూదు కుటుంబములో జన్మించెను. తత్త్వశాస్త్రోపాధ్యాయినియై నిరుద్యోగుల పక్షమున నిలిచెను. కార్మికుల కష్టములను గూర్చి వ్రాయుటతో తృప్తి చెందక, ఉద్యోగమునకు సెలవు పెట్టి, 1934 డిసెంబరు మొదలు 1935 ఆగస్టు వరకు, నడుమ నడుమ విరామములతో, కర్మాగారములలో కూలి చేసెను. 1941లో ద్రాక్షతోటలలో పండ్లు కోసెను. క్రీస్తునందు భక్తి కలిగియు, సంస్కృతము నేర్చి భగవద్గీతను మూలమున చదివెను.

1942లో తల్లిదండ్రులతో అమెరికాకు పోవుచు, తన నోటుపుస్తకములను గుస్తావ్ తిబోన్ అను మిత్రునికి అప్పగించెను. 1943 ఆగస్టు 24న ఇంగ్లండులోని ఆష్‌ఫర్డ్‌లో 34వ యేట మరణించెను. తిబోన్ ఆ పుస్తకములనుండి కొన్ని భాగములను ఏరి, శీర్షికల క్రింద కూర్చి, 1947లో ప్రకటించెను. 'భారము, అనుగ్రహము' అని ఆ గ్రంథనామమున కర్థము. పిదప 1951–1956 నడుమ నోటుపుస్తకములు మూడు సంపుటములుగా వెలువడినవి. ఏరి కూర్చిన చోట సూక్తివలె తోచు వాక్యము, మూలమునందు ఆమె తన్ను తాను ప్రశ్నించుకొనుటలో ఒక మెట్టుగా కనబడును. తాళపత్రములలోని వచనములను వెదకి 1923లో 'వచనశాస్త్రసారము'ను ప్రకటించిన హళకట్టివారి కృషి నెరిగిన మనకు, ఇట్టి వ్రాతలను కాపాడినవారి విలువ తెలియును.

కల్మషము లేని ఏకాగ్రతయే ప్రార్థన యని ఆమె భావము. ఎడమ అరచేతి ఇష్టలింగముపై దృష్టి నిలుపువారికి ఇది క్రొత్త మాట కాదు. బాధితుని మాటను అంతటి శ్రద్ధతో వినవలెననియు ఆమె తలచెను.

అయినను ఒక్కచోట శరణమార్గము వేరగును. క్షయరోగముతో మంచమున నుండియు, శత్రువుల వశమైన ఫ్రాన్సులో ప్రజలకు దొరకుదానికంటె ఎక్కువ తినుటకు ఆమె సమ్మతింపలేదు. ఆ కరుణకు చేతులు జోడింపవలసినదే. కాని శరణుల దృష్టిలో దేహము శివుని ఆలయము. దానిని శిథిలపరచుట పూజ కాదు. కాయకముచే ఆర్జించి, పరులకు పెట్టి, మిగిలినదానిని ప్రసాదముగా భుజించుట దాసోహము. ఆకలిగొన్నవానికై తానును పస్తుండుట కరుణ. వానికి అన్నము పెట్టుటకై బలమును నిలుపుకొనుట కాయకము.

మననమునకు:
1. మన ఇండ్లలో పఠించు వచనములకు మన నడత ఎంతవరకు సాక్ష్యమిచ్చుచున్నది?
2. మఠమునకు వచ్చిన బాధితునికి ప్రసాదముతోపాటు, అతని మాట వినుటకు కొంత సమయమును ఇచ్చుచున్నామా?