డాస్ ప్రోగ్రాముల ఎదురుచూపు – నేటి యంత్రాల అలసట

కంప్యూటరు విద్యార్థులను ఆశ్చర్యపరచే వింత ఒకటి కలదు. 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుతో వెలువడిన డాస్ కొరకు వ్రాసిన చిన్న ప్రోగ్రామును నేటి శక్తిమంతమైన యంత్రంపై తెరచినంతనే పంకా హోరెత్తుతుంది, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ త్వరగా హరించుకుపోతుంది. తెరపై చూడబోతే ఆ ప్రోగ్రాము ఏ పనీ చేయక, మనం మీట నొక్కడం కొరకు ఎదురుచూస్తూ ఉంటుంది. చిక్కంతా ఆ ఎదురుచూపులోనే ఉన్నది.

డాస్ ఒక సమయంలో ఒకే ప్రోగ్రామును నడిపే వ్యవస్థ. యంత్రమంతా తనదే గనుక ఆనాటి ప్రోగ్రాము "మీట నొక్కారా, నొక్కారా" అని క్షణానికి వేలసార్లు అడుగుతూ తిరుగుతుంది. అతిథి తలుపు తట్టే వరకు ఆగక, మాటిమాటికీ తలుపు తీసి వీధిలోకి చూచే గృహస్థు వంటిది ఇది. ఆనాడు దీనివలన ఎవరికీ నష్టం లేదు. విండోస్‌లో మాత్రం ప్రాసెసరు కాలాన్ని అన్ని ప్రోగ్రాములూ పంచుకోవాలి. పని లేనిది నిద్రించాలి. డాస్ ప్రోగ్రామునకు నిద్ర తెలియదు. మరింత వేగం గల యంత్రం కొన్నా అది మరింత వేగంగా అడుగుతుంది, అంతే! కొనుగోళ్లు నిర్ణయించే కమిటీ పెద్దలు ఈ సంగతి గమనింపవలెనని మా మనవి.

1993లో వచ్చిన విండోస్ ఎన్.టి.లో డాస్ ప్రోగ్రాములకై ఎన్.టి.వి.డి.ఎం. అనే ఏర్పాటు ఉండేది. ప్రోగ్రాము ఊరక మీటనే అడుగుతున్నదని పసిగడితే దాని కాలాన్ని అది తగ్గించేది. ప్రోగ్రాము లక్షణాల పట్టికలోని ఐడిల్ సెన్సిటివిటీని పెంచితే ఈ నిఘా చురుకౌతుంది. అయితే నిజంగా లెక్కలు కడుతూ, మధ్యమధ్య మీటను చూచే ప్రోగ్రామును కూడా అది సోమరిగా భ్రమించవచ్చు. అప్పుడు దానిని తగ్గించాలి. 64 బిట్ల విండోస్‌లో ఈ ఏర్పాటే లేదు. ప్రాసెసరు 64 బిట్ల స్థితిలో ఉన్నప్పుడు, డాస్‌కు ఆధారమైన వర్చువల్ 8086 పద్ధతి పనిచేయదు.

అందుచేత నేడు డాస్‌బాక్స్ వంటి అనుకరణ యంత్రమే శరణ్యం. టర్బో సి నేర్చిన విద్యార్థులు చాలామంది దీనిని ఎరుగుదురు. సాధారణ డాస్ ప్రోగ్రామును ఇది మొదట 3000 సైకిళ్ల వద్ద నడుపుతుంది. ఆటలకు అది చాలవచ్చు గాని, పెద్ద ఫాక్స్‌ప్రో పద్దు నత్తనడక నడుస్తుంది. వెంటనే గరిష్ఠానికి పెట్టడం మేము మెచ్చము. ప్రాసెసరు మళ్లీ వేడెక్కుతుంది. కంట్రోల్, ఎఫ్12 మీటలు కలిపి నొక్కుతూ క్రమంగా పెంచి, పని సాఫీగా సాగే చోట నిలపడం మేలు. ఫీజుల లెక్కలు, గ్రంథాలయ జాబితాల వంటి వాటికి, కార్యాలయ ప్రోగ్రాముల కొరకే రూపొందిన వీడాస్ మరింత తగినది. దేనిలోనైనా ముందు ఫైళ్లకు నకలు తీయాలి. ప్రోగ్రాము నుండి పద్ధతిగా బయటకు రాక కిటికీ మూసివేస్తే, అప్పుడే వ్రాసిన పద్దు ఫైలులో చేరకపోవచ్చు.

వేగం ఎక్కువైనా కొన్నిటికి కీడే. టర్బో పాస్కల్ 7లో క్రట్ విభాగాన్ని వాడిన ప్రోగ్రాములు, ఆరంభంలోనే 55 మిల్లీసెకన్లలో ఒక చక్రం ఎన్నిసార్లు తిరిగినదో లెక్కించి 55తో భాగిస్తాయి. వేగవంతమైన యంత్రంపై ఆ ఫలితం 16 బిట్లలో ఇమడక, 200వ సంఖ్య గల దోషంతో ప్రోగ్రాము ఆగిపోతుంది. డాస్‌బాక్స్‌లో సైకిళ్లు తగ్గించి నడిపితే అదే ప్రోగ్రాము నిరాటంకంగా మొదలౌతుంది.