చిత్రానికి మెరుగు

కాళిదాసు రచించిన అభిజ్ఞాన శాకుంతలం ఆరవ అంకంలో దుష్యంతుడు తాను గీసిన శకుంతల చిత్రపటాన్ని ముందుంచుకొని, అందులో ఇంకా ఏమేమి చేర్చవలసి ఉందో చెబుతాడు. మాలినీ నదిని గీయాలి. ఆ నది ఇసుకతిన్నెలపై హంసల జంట ఉండాలి. ఇరువైపులా హిమాలయపు చరియల్లో లేళ్లు విశ్రమించాలి. నారచీరలు ఆరవేసిన చెట్టు నీడలో ఆడజింక మగజింక కొమ్ముకు తన ఎడమకన్ను ఒరసుకుంటూ నిలవాలి. ఆ హంసలూ జింకలూ ఆ క్షణాన అక్కడ నిజంగా ఉన్నాయా అని ఏ పాఠకుడూ ప్రశ్నించడు. చిత్రంలోని లోటును ఊహతో పూరించడం చిత్రకారునికి లోకం ఇచ్చిన స్వేచ్ఛ.

కెమెరా చేతబట్టి అడవికో సరస్సుకో వెళ్లినవానికి ఈ స్వేచ్ఛ లేదు. వన్యప్రాణి ఛాయాచిత్రాన్ని చూసేవారు దాని అందాన్ని మెచ్చుకొనే ముందే, అందులోనిది జరిగిన సంగతి అని నమ్ముతారు. అలాగని కెమెరా ఇచ్చిన చిత్రాన్ని ఉన్నదున్నట్లుగా పోటీకి పంపాలన్న నియమమేదీ లేదు. మెరుగుపెట్టడం ఛాయాగ్రహణంతోపాటే పుట్టింది. అమెరికాకు చెందిన ప్రసిద్ధ ప్రకృతి ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ సంగీతం అభ్యసించినవాడు. ఆయన నెగెటివును స్వరలిపితోనూ, దాని నుంచి తీసే ముద్రణను కచేరీతోనూ పోల్చాడు. చీకటిగదిలో ఒక్కొక్క ముద్రణలో ఏ భాగాన్ని వెలిగించాలో, ఏ భాగాన్ని నీడలో ఉంచాలో నిర్ణయించడానికి ఆయన ఎంతో శ్రమించేవాడు. అయితే కచేరీ ఎంత మనోహరంగా సాగినా కృతి మారకూడదు కదా!

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకొంటూ సాగుతుంది. శీతాకాలపు ఉదయాన ఒక విద్యార్థి ఆ దారి పక్కన నిలిచి, నీటిలో మేత వెతుక్కొంటున్న ఫ్లెమింగోల గుంపును చిత్రించాడని అనుకుందాం. ఇంటికి వచ్చి కంప్యూటరు తెరపై చూస్తే అతనికి కొంత నిరాశ కలుగుతుంది. నీటి అంచు కుడివైపుకు వాలి ఉంది. మంచువల్ల చిత్రమంతా బూడిదరంగు ఆవరించింది. ఒక మూల సగం తెగిన కొంగ కనబడుతున్నది. ఆకాశంలో రెండు నల్లని మచ్చలున్నాయి. గుంపుకు ముందు నీటిపై ఖాళీ ప్లాస్టిక్ సీసా ఒకటి తేలుతున్నది. ఈ అయిదు లోపాలనూ ఒకే గాటన కట్టరాదు.

అతడు చిత్రాన్ని రా ఫైలుగా తీసి ఉంటే పని సులభం. కెమెరాయే తయారుచేసి ఇచ్చే జేపెగ్ చిత్రం ఆవంలో కాలిన కుండ వంటిది. రా ఫైలు సారె మీది మట్టి. కాంతి వివరాలన్నీ అందులో పదిలంగా ఉంటాయి. కాబట్టి వెలుగునీడలను, రంగును సవరించినప్పుడు చిత్రం చెదరదు. మొదట నీటి అంచును సమతలంగా చేయాలి. నీరు ఏటవాలుగా నిలవదు గనుక ఇది వక్రతను సరిదిద్దడమే. తర్వాత క్రాపింగ్, అంటే అంచులను కత్తిరించడం. సగం తెగిన కొంగను ఈ విధంగా తొలగించవచ్చు. పక్షి ఏ దిక్కుకు చూస్తున్నదో ఆ దిక్కున కొంత ఖాళీ మిగిలితే చూపరి దృష్టి కూడా ఆ వైపు సాగుతుంది. అయితే కత్తెరకు హద్దు ఉండాలి. ఇరవైనాలుగు మెగాపిక్సెళ్ల చిత్రంలో పొడవును, వెడల్పును చెరిసగం చేస్తే మిగిలేది ఆరు మెగాపిక్సెళ్లే. పెద్ద ముద్రణకు అది చాలకపోవచ్చు.

ఆకాశంలోని మచ్చలు కెమెరా సెన్సారుపై పడిన ధూళి. అవి సరస్సుపై లేవు, పరికరంలో ఉన్నాయి. వాటిని తుడిచివేయడాన్ని పోటీ నియమాలు సాధారణంగా అనుమతిస్తాయి. ప్లాస్టిక్ సీసా సంగతి వేరు. అది అక్కడ ఉంది. నేటి సాఫ్ట్‌వేరు దానిని క్షణంలో మాయం చేసి, ఆ స్థానంలో నమ్మదగిన నీటి అలలను అల్లగలదు. అసలు ప్రలోభం ఇక్కడే ఉంది. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే ‘వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ పోటీ కత్తిరింపును, వెలుగునీడల సర్దుబాటును, ధూళి మచ్చల తొలగింపును అంగీకరిస్తుంది. చిత్రంలోకి దేనినైనా చేర్చడాన్ని, జరపడాన్ని, తీసివేయడాన్ని అంగీకరించదు. తుది దశలకు చేరినవారి నుంచి మూల ఫైలును తెప్పించుకొని సరిపోల్చుతుంది.

ఇక రంగు. మంచు కప్పిన చిత్రంలో వైట్ బ్యాలెన్సును సరిచేసి, వెలుగునీడల వ్యత్యాసాన్ని కొద్దిగా పెంచితే తెర తొలగినట్లవుతుంది. అక్కడ ఆగాలి. ఫ్లెమింగో అనగానే గాఢమైన గులాబీరంగును ఊహించుకొని, తెరపై రంగు మీటను అదే పనిగా జరిపేవారు ఎందరో! పులికాట్‌కు ఎక్కువగా వచ్చే పెద్ద ఫ్లెమింగో దేహం లేత గులాబీ ఛాయగల తెలుపు. ఎరుపు ముఖ్యంగా దాని రెక్కల్లో ఉంటుంది. ఆ రంగు పుట్టుకతో వచ్చినది కాదు. నీటిలోని నాచు, చిన్న రొయ్యల వంటి జీవుల ద్వారా లభించే కెరోటినాయిడ్లే దానికి కారణం. అందువల్ల పిల్ల పక్షులు బూడిద, గోధుమ వన్నెల్లో ఉంటాయి. వాటికి పెద్దవాటి రంగు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. రంగు మితిమీరితే పులికాట్ పక్షి కరీబియన్ దీవుల ఫ్లెమింగోలా మారిపోతుంది. గుంపులోని పిల్లలు పెద్దవైపోతాయి. పక్షులను ఎరిగిన న్యాయనిర్ణేత ఆ చిత్రాన్ని మొదటి చూపులోనే పక్కన పెడతాడు.

తీక్షణతను పెంచడం, చుక్కల మసకను తగ్గించడం చివరి పనులు. మసకను అతిగా తుడిస్తే ఈకలు మైనపు ముద్దలవుతాయి. కన్ను స్పష్టంగా ఉంటే చాలు.

కంప్యూటరు ముందు జరిగే మార్పులకే ఈ నియమం పరిమితం కాదు. అదే లండన్ పోటీలో 2009 సంవత్సరపు అగ్రబహుమతి రాత్రివేళ కంచె తలుపు మీదుగా దూకుతున్న తోడేలు చిత్రానికి లభించింది. అది పెంపుడు తోడేలు కావచ్చునన్న నిర్ణయానికి వచ్చిన న్యాయనిర్ణేతలు 2010 జనవరిలో దానిని అనర్హమైనదిగా ప్రకటించారు. 2017లో మరొక చిత్రం ఒక విభాగంలో బహుమతి పొందింది. బ్రెజిల్ దేశపు జాతీయవనంలో మిణుకు మిణుకుమనే చెదపుట్ట వద్దకు చీమలుతినే జంతువు వస్తున్న దృశ్యమది. వనం ప్రవేశద్వారం వద్ద ప్రదర్శనకు ఉంచిన, గడ్డి కూరిన జంతువుకూ చిత్రంలోని జంతువుకూ పోలికలు ఉన్నాయని నిపుణులు తేల్చారు. 2018 ఏప్రిల్‌లో ఆ బహుమతి రద్దయింది. ఇద్దరు ఛాయాగ్రాహకులూ ఆరోపణను అంగీకరించలేదు. కానీ ఆ చిత్రాలను చూసినవారికి అంతకుముందు కలిగిన ఆశ్చర్యం మళ్లీ కలగడం కష్టం.

ఒక బహుమతి కోసం ఇంత కఠినత్వమా అనిపించవచ్చు. కడప ప్రాంతపు కలివికోడి కథ వింటే ఆ సందేహం కొంత తీరుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి పరిచయం చేసిన ఈ పక్షి 1900 తర్వాత ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా పొదల అడవిలో అది మళ్లీ వెలుగులోకి వచ్చింది. రాత్రివేళ మాత్రమే సంచరించే ఆ పిరికి పక్షి జాడను తెలుసుకోవడానికి పరిశోధకులు కాలిముద్రలను, తమంత తామే పనిచేసే కెమెరాలను ఆశ్రయించారు. అటువంటి పక్షి ఎక్కడో ఉన్నదని చెప్పడానికి ఒక్కొక్కసారి ఒక్క ఛాయాచిత్రమే ఆధారమవుతుంది. చిత్రాల్లో పొదలను చేర్చడం, కంచెలను చెరపడం వాడుకైపోతే ఆ ఆధారాన్ని ఎవరు నమ్ముతారు?

పులికాట్ విద్యార్థికి ఇక రెండు దారులున్నాయి. క్రాపింగ్‌తో సీసా తొలగిపోయి కూర్పు చెడకుండా ఉంటే అలాగే కత్తిరించవచ్చు. గుంపు మధ్యనే అది ఉంటే ఆ చిత్రాన్ని సరస్సుల కాలుష్యాన్ని తెలిపే విభాగానికి, సీసాతో సహా, పంపవచ్చు. వ్యాఖ్యలో పక్షి పేరు, తేదీ, స్థలం, చిత్రం తీసిన పరిస్థితి ఉన్నదున్నట్లు రాయాలి. పక్షి కాలికి శాస్త్రజ్ఞులు తొడిగిన ఉంగరం కనబడుతుంటే దానిని చెరపకుండా, దానిపై సంఖ్య కనబడితే ఆ సంఖ్యను కూడా పేర్కొనాలి. మూల ఫైలు నకలును మరొక డిస్కులో భద్రపరచుకోవాలి. తుది జాబితాలో పేరుంటే నిర్వాహకులు ముందుగా అడిగేది దానినే.