నలభై నిమిషాల లంచ్

ధర్మవరం

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీర్వదించి రాసేది.

చివరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్‌కు పెద్ద హోటల్ వద్దనుకుని బెంగళూరులో క్రికెట్ స్టేడియం అతిథి సేవల పని ఎంచుకున్నావట. మీ అమ్మ వచ్చి, "అది పని నేర్చుకోను పోతాందా, ఆట చూడను పోతాందా, నువ్వే కనుక్కోన్నా" అంది. ఆట చూడటం కుదరదని ఆమెకు అప్పుడే చెప్పాను. నీకూ ముందు అదే చెబుతున్నా. స్టేడియంలో పనిచేసేవాళ్లకు ఆట చెవులతోనే తెలుస్తుంది. బయట హోరు పుడితే సిక్సరో వికెట్టో అనుకుంటావు, చేతిలో ట్రే మాత్రం దించవు. ఇది నచ్చకపోతే ఇప్పుడే మానుకో. నచ్చితే, బెంగళూరు హోటళ్లలో విందుల విభాగంలో ఉద్యోగం చేసి, మ్యాచ్ రోజుల్లో స్టేడియం అతిథి బాక్సులకు భోజనాలు చేరవేసినవాణ్ని కనుక నాకు తెలిసింది రాస్తాను, తీరిగ్గా చదువుకో.

హోటల్‌కు వచ్చే అతిథి మనం పెట్టే తిండి కోసం, మనం పరిచే పక్క కోసం వస్తాడు. స్టేడియానికి వచ్చేవాడు ఆట కోసం వస్తాడు. అతని చూపు మన వైపు తిరిగేది ఆకలేసినప్పుడు, దాహమేసినప్పుడు, దారి తెలియనప్పుడు, ఆపద వచ్చినప్పుడు. ఆ నాలుగు వేళల్లోనూ అతనికి ఓపిక ఉండదు. మన దగ్గర నిలబడ్డంతసేపూ అవతల బంతులు పడిపోతుంటాయి. అందుకని ఈ పనిలో మర్యాద అంటే ముందు వేళకు అందించడం. నవ్వుముఖం, నమస్కారం ఆ తర్వాత.

దేశవాళీ నాలుగు రోజుల మ్యాచ్ తీసుకో. ఉదయం తొమ్మిదిన్నరకు ఆట మొదలు. పదకొండున్నరకు లంచ్, నలభై నిమిషాలు. మధ్యాహ్నం రెండూ పదికి టీ, ఇరవై నిమిషాలు. ఐపీఎల్‌లో రెండు ఇన్నింగ్స్ మధ్య ఇరవై నిమిషాలు, వ్యూహ విరామం రెండున్నర నిమిషాలు. ఫుట్‌బాల్‌లో సగం ఆటకు పదిహేను నిమిషాలు, ప్రో కబడ్డీలో ఐదే. పెళ్లిలో అయితే ఒక పంక్తి లేచాక ఇంకో పంక్తి కూర్చుంటుంది, వంటవాడికి ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. స్టేడియంలో ఊరంతా ఒకే పంక్తికి లేస్తుంది.

కాగితం మీద లెక్క వేసి చూడు. ఒక కౌంటర్ దగ్గర మనిషికి అర నిమిషం పడుతుందనుకుందాం. ఇరవై నిమిషాల్లో నలభై మంది. ఆ స్టాండులో రెండు వేల మంది ఉండి, అందులో నాలుగో వంతు లేచినా ఐదు వందల మంది. అంటే పదమూడు కౌంటర్లు కావాలి. ఉన్నవి నాలుగైతే మూడు వందల నలభై మంది ఒట్టి చేతులతో సీటుకు పోతారు, లేదా మళ్లీ ఆట మొదలైనా అక్కడే నిలబడి నిన్ను తిడతారు. కౌంటర్లు పెంచే అధికారం ఇంటర్న్‌కు ఉండదు. కానీ ఆ అర నిమిషాన్ని పావు నిమిషం చేయడం నీ చేతుల్లో పనే. చిల్లర ముందే కట్టలు కట్టి పెట్టుకోవడం, సమోసాలు రెండేసి పొట్లాలుగా సిద్ధం చేయడం, ధరల పట్టీ వరుసలో పదో మనిషికి కూడా కనిపించేంత ఎత్తులో వేలాడదీయడం, నీళ్లకు వేరే వరుస పెట్టించడం. వేలమంది ఫోన్లు ఒకేసారి పనిచేయడం మొదలైతే సిగ్నల్ మందగిస్తుంది, ఫోన్‌లో డబ్బు పంపడం మధ్యలో ఆగుతుంది. దానికీ ఒక దారి ముందే ఆలోచించుకుని ఉండాలి. నువ్వు రాయబోయే ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీ ఈ లెక్కే కావాలని నా కోరిక. చేతిలో గడియారం పట్టుకుని, ఒక్కో కౌంటర్‌లో ఎంత సేపు పట్టిందో నువ్వే కొలిచి రాయి.

ఈ విద్య చూడటానికి మనకు లండన్ పోయే పనిలేదు. ధర్మవరం నుంచి గంట ప్రయాణంలో, విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన ఆర్డీటీ సేవాసంస్థ వాళ్ల క్రీడా గ్రామం అనంతపురంలో ఉంది. అక్కడ రఫేల్ నాదల్ ఫౌండేషన్ 2010లో పల్లె పిల్లల కోసం టెన్నిస్ బడి తెరిచింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు, బెంగళూరులో ఆడిన ఒక్కటి తప్ప, అన్నీ ఆ మైదానాల్లోనే జరిగాయి. శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్, సంజూ శాంసన్, ఇషాన్ కిషన్ లాంటివాళ్లు మన కరువు సీమకు వచ్చి ఆడారు. మన ఆంధ్రా బ్యాటర్ రికీ భుయ్, హైదరాబాద్ పిల్లవాడు తిలక్ వర్మ అక్కడ సెంచరీలు కొట్టారు. అనంతపురానికి విమానాశ్రయం లేదు. విమానంలో వచ్చేవాళ్లు ఎక్కువగా బెంగళూరులో దిగి, 44వ జాతీయ రహదారి పట్టుకుని పెనుకొండ మీదుగా వస్తారు. గదులు, బస్సులు, చాకలి పని, వంట సరుకు, అన్నీ ఆ దారి పొడుగునే సమకూర్చుకోవాలి.

ఆ టోర్నీలో అనంతపురం మొదటి మ్యాచ్ ఇండియా సి, ఇండియా డి జట్ల మధ్య. సెప్టెంబరు 5న మొదలైంది. నాలుగు రోజులు సాగాల్సింది మూడో రోజే తేలిపోయింది. మానవ్ సుతార్ రెండో ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు తీశాడు, ఇండియా సి నాలుగు వికెట్ల తేడాతో గెలిచింది. ఆ మూడో రోజు సెప్టెంబరు 7, వినాయక చవితి. ఆటగాళ్లకు అది గెలుపూ ఓటమీ. మన పనివాళ్లకు అది వేరే లెక్క. నాలుగో రోజుకు చెప్పిన పాలు, కూరగాయలు, మాంసం, వాహనాలు, రోజుకూలీకి పిలిచిన మనుషులు ఏమవ్వాలి? పండగ నాడు ఇంటిదగ్గర ఉండాలని సెలవడిగినవాళ్ల బదులు ఎవరు వస్తారు? ఉపవాసం ఉన్న అతిథికి ఏం పెడతావు?

అలాంటి రోజున వంటశాల భారం నీదైతే ఏం చేస్తావో ఇప్పుడే ఆలోచించు. నా పద్ధతి చెబుతా. బియ్యం, పప్పు, నూనె మొత్తం మ్యాచ్‌కు ఒకేసారి తెప్పిస్తాను. పాలు, ఆకుకూర, మాంసం ఏ రోజుకారోజు, అదీ ముందు రోజు ఆట ముగిశాక స్కోరు చూసి చెబుతాను. ఆరు వికెట్లు పడిపోయి యాభై పరుగులు కావాల్సిన సాయంత్రం, మర్నాటి రాత్రి భోజనానికి ఎవరూ మాంసం చెప్పరు. స్కోరుబోర్డు చదవడం వంటింట్లో అవసరమయ్యే ఉద్యోగం ఇదొక్కటే. సరఫరాదారుతో ఒప్పందం చేసుకునేటప్పుడే మ్యాచ్ ముందే ముగిసిపోతే ఏం చేయాలో రాయించుకోవాలి. పంచాంగం కూడా టేబుల్ మీద ఉండాలి. పండగలు, రంజాన్ ఉపవాసాలు, శనివారం మాంసం ముట్టనివాళ్లు, వీటన్నిటినీ పట్టించుకోని పట్టిక మన ఊళ్లలో మొదటి రోజుకే చెడిపోతుంది.

లెక్క తప్పడం పెద్దచోట్ల కూడా జరుగుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ గ్రామంలో మొదటి రోజుల్లో గుడ్లు, మాంసం చాలడం లేదని క్రీడాకారులు గొడవ చేస్తే, నిర్వాహకులు గుడ్లూ మాంసమూ బాగా పెంచి తెప్పించాల్సి వచ్చింది. ఆడేవాళ్లు తినేది మామూలు అతిథి తినే లెక్కకు సరిపోదు. బరువులెత్తే అమ్మాయి ఎంత తింటుందో, మారథాన్ పరిగెత్తేవాడు ఏ పూట ఏం తింటాడో అడిగి తెలుసుకోవాలి. ఊహించి వండకూడదు.

ఆటగాళ్ల దగ్గర పనిచేసే అవకాశం వస్తే మరింత జాగ్రత్త కావాలి. మూత తీసిన నీళ్ల సీసా ఎవరికీ ఇవ్వకు. సీలు వేసినదే ఇవ్వు, వాళ్లే తెరుచుకుంటారు. క్రీడాకారుడి ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే, అది ఎలా చేరిందన్నదానితో సంబంధం లేకుండా బాధ్యత అతనిదే అంటుంది డోపింగ్ నియమం. ఎవరో పోసిన ఒక గ్లాసు, ఎవరో ఇచ్చిన ఒక మాత్ర ఒకరి పదేళ్ల సాధనను ముంచేయగలదు. తలనొప్పి అని ఆటగాడు అడిగితే మీ అమ్మ సంచిలో పెట్టిచ్చిన మాత్ర తీయకు, కషాయం కాచి ఇవ్వకు. జట్టు డాక్టర్ను పిలువు.

ఫోన్ సంగతి కూడా అంతే. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో ఆటగాళ్లు, అంపైర్లు ఉండే భాగంలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. అది మనల్ని అవమానించడానికి పెట్టిన నియమం కాదు. ఫలానా బౌలర్ పొద్దున టిఫినుకు కుంటుకుంటూ వచ్చాడన్న మాట నీకు ముచ్చట. పందెం కాసేవాడికి అది డబ్బు. వడ్డించేవాళ్లకు అలాంటివి రోజూ కనిపిస్తాయి. ఎవరైనా కొత్తగా స్నేహం చేసుకుని, "లోపల ఎట్లుంది వాతావరణం" అని తీయగా అడిగితే, వెంటనే అవినీతి నిరోధక అధికారికి చెప్పు. స్నేహితురాళ్లకు పంపే ఫొటో కూడా వద్దు. నోరు కట్టుకోవడం ఈ వృత్తిలో సగం నైపుణ్యం.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన మాట. నువ్వు పోతున్నది బెంగళూరు. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట, ఆర్‌సీబీ విజయోత్సవానికి వచ్చిన జనం గేట్ల దగ్గర తొక్కిసలాటలో నలిగి 11 మంది చనిపోయారు. ఆ తర్వాత మహిళల ప్రపంచ కప్‌లో బెంగళూరుకు ఇచ్చిన మ్యాచ్‌లు నవీ ముంబై లాంటి చోట్లకు తరలిపోయాయి. మన కడప జిల్లా శ్రీచరణి ఉన్న జట్టు నవంబరు 2న కప్పు ఎత్తింది ఆ నవీ ముంబైలోనే. పక్క రాష్ట్రపు అమ్మాయిలు తమ ఊళ్లో ఆ ఆట చూసే అవకాశం పోగొట్టుకున్నారు, అది పోనీ. ప్రాణాలు తిరిగిరావు. అతిథి సేవ అంటే బాక్సులో వెండి పళ్లెం అనుకునేవాళ్లకు ఈ పదకొండు మంది గుర్తుండాలి. గేటు దగ్గర నిలబడేవాడికి ఎటు పోవాలో చెప్పేవాళ్లు లేకపోతే లోపలి పలావు ఎంత బాగున్నా ఆ రోజు మనం ఆతిథ్యం ఇవ్వనట్టే.

అందుకని చేరిన మొదటి రోజే స్టేడియం చుట్టూ కాలినడకన తిరుగు. ప్రతి గేటు నంబరు, దాని వెడల్పు, ఎటు తెరుచుకుంటుంది, రాత్రి ఎవరి దగ్గర తాళం ఉంటుంది, అంబులెన్సు ఎక్కడ నిలుస్తుంది, చక్రాల కుర్చీ ఏ దారిలో పైకి పోతుంది, అన్నీ నోట్‌బుక్‌లో గీసుకో. "ఇటు దారి లేదు, ఎడమ వైపు పొండి" అన్న మాట కన్నడంలో, తెలుగులో, హిందీలో, తమిళంలో గట్టిగా అనగలగాలి. నీకు తెలియని సమాచారం ఎవరికీ చెప్పకు. ఫలానా గేటు తెరిచారట అన్న ఒక్క పుకారు వెయ్యి మందిని ఒకే వైపు తోస్తుంది.

నీళ్ల గురించి కూడా చెప్పాలి. అనంతపురం జిల్లాలో పుట్టిన మనకు దాహం గురించి పుస్తకాలు చదవక్కర్లేదు. బాక్సులో కూర్చున్నవాడు అడక్కముందే సీసా అందుతుంది. ఎండ పడే గ్యాలరీలో పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకున్న తల్లి నీళ్లకు మూడు అంతస్తులు దిగాలి. ఇంటర్న్‌గా నీకు రెండుచోట్లా డ్యూటీ వేస్తారు. చాలామంది పిల్లలు బాక్సు డ్యూటీ కోసం ఎగబడతారు. నువ్వు గ్యాలరీ డ్యూటీ అడిగి తీసుకో. బాక్సులో వంద మందిని మెప్పించడం ఎవరికైనా వస్తుంది. పదివేల మందికి నీళ్లు అందే దారి కనుక్కున్నవాళ్లకే ఈ వృత్తిలో పేరు ఉంటుంది.

ఆహారం విషయం కాలేజీలో చెప్పే ఉంటారు కనుక క్లుప్తంగా. వేడిది 60 డిగ్రీలకు తగ్గకూడదు, చల్లనిది 5 డిగ్రీలకు మించకూడదు. వంటశాల నుంచి బాక్సు దాకా మోసుకుపోయే దారిలోనే వేడి పోతుంది కాబట్టి థర్మామీటరు వంటింట్లో కాదు, వడ్డించే చోట పెట్టు.

నీకు ఏమీ తెలియదనుకుని భయపడకు. పెళ్లి పట్టుచీరలకు బయటి ఊళ్లనుంచి వచ్చిన కుటుంబాన్ని మీ నాయన అంగట్లో ఎట్లా కూర్చోబెడతాడో చిన్నప్పటి నుంచి చూశావు. పరుపు మీద కూర్చోబెట్టి, ముందు మజ్జిగ ఇచ్చి, ముసలామెకు గోడ ఆనుకునే చోటు చూపించి, పిల్ల కన్ను ఏ రంగు మీద ఆగిందో గమనించి, నాలుగో చీరకే సరైనది విప్పుతాడు. మాట తక్కువ, గమనింపు ఎక్కువ. ఆ చూపు నీకు ఇంట్లోనే అబ్బింది. కియా కార్ల కర్మాగారం వచ్చాక పెనుకొండ వైపు కొరియా వాళ్ల భోజనశాలలు, వసతులు వెలిశాయి. భాష రాకున్నా అతిథి అవసరం కనిపెట్టగల మన పిల్లలకు అక్కడ ఉద్యోగాలు దొరుకుతున్నాయి. నీ చదువు బెంగళూరుకే అంకితం కానక్కర్లేదు. ఇటు తిరిగొచ్చినా పని ఉంటుంది.

చివరిగా నీ క్షేమం. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ ముగిసి, బాక్సు సర్ది, సామాను లెక్క అప్పగించేసరికి అర్ధరాత్రి దాటుతుంది. హాస్టల్‌కు చేర్చే వాహనం ఎవరిది అన్నది ముందే తేల్చుకో. పనిగంటలు, వారపు సెలవు, స్టైపెండ్, భోజనం, అన్నీ కాగితం మీద ఉండాలి. పనిచోట ఆడవాళ్ల మీద వేధింపుల్ని అరికట్టే 2013 చట్టం శిక్షణలో ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఆ కమిటీలో ఎవరున్నారో చేరిన వారంలోనే అడిగి రాసుకో. అతిథి దేవుడన్న మాట అతిథి చేయి వేస్తే ఊరుకోమని కాదు. తాగి మాట జారినవాడు ఎంత పెద్దవాడైనా సూపర్‌వైజర్‌ను పిలువు, ఒంటరిగా సర్దిచెప్పబోకు.

మీ అమ్మకు నేను నచ్చజెప్పుకుంటాను. ఒప్పంద పత్రం రాగానే సంతకం పెట్టకుండా ముందు నాకు పంపు, ఇద్దరం కూర్చుని ప్రతి వాక్యం చదువుదాం.

ఇట్లు,
మీ మామ