చలికాలపు క్రొత్త దుంప

సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దునకు చేరువగా జహీరాబాదు అను పట్టణము కలదు. వానలు వెనుకపట్టి రాత్రులు చల్లబడ నారంభించిన దినములలో ఆ ప్రాంతపు రైతులు ఆలుగడ్డ విత్తనము కొఱకు ఎదురుచూచుచుందురు. కోస్తాలో బంగాళాదుంప యనియు, రాయలసీమలో ఉర్లగడ్డ యనియు పిలుచునది దీనినే. ఆ విత్తనము పొరుగూరినుండి వచ్చునది కాదు. ఆగ్రా ప్రాంతమునుండి లారీలమీద దిగును. మూట విప్పగానే రైతు చూపు దుంప కన్నులమీద పడును. కన్నులనగా మొలకలు బయలువెడలు చిన్న గుంటలు. అవి మేల్కొన్నవా, ఇంకను నిద్రించుచున్నవా? ఎకరమునకు ఇంచుమించు పది క్వింటాళ్ల విత్తనము కావలెను. ఈ పైరునకు అగు ఖర్చులలో అన్నిటికంటె పెద్దది విత్తనపు ఖర్చే. కావున ఆ కన్నులను పరీక్షించునపుడు రైతు ముఖమున కనబడు ఆందోళన ఊరక కలిగినది కాదు.

ఇంత దూరమునుండి విత్తనము తేవలసిన పని యేమి? పోయిన యేటి పంటలోని దుంపలనే దాచి నాటుకొనరాదా? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న మొదట ఈ మొక్క స్వభావమును తెలిసికొనవలెను.

బంగాళాదుంపకు పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములు. అచ్చటినుండి అది ఐరోపాకు, ఐరోపా వర్తకుల మూలమున మన దేశమునకు వచ్చినది. చల్లని కొండలలో పుట్టినదగుటచే దీనికి వేడిమి గిట్టదు. ఆకులు పచ్చగా ఎదుగుటకు కొంత వెచ్చదనము మంచిదే కాని, నేలలో దుంప ఊరుటకు రాత్రులు చల్లగా నుండవలెను. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెంటీగ్రేడునకు లోబడి యున్నచో దుంపలు చక్కగా ఊరును. అంతకు మించినకొలది మొక్క ఏపుగా పెరిగి చూపునకు ముచ్చట గొల్పునే గాని, త్రవ్వి చూచిన గోలీలవంటి కాయలు తప్ప మరేమియు దొరకవు. అందువలన ఐరోపాలో వేసవి పంటయైన బంగాళాదుంప మన మైదానములలో చలికాలపు పంట యైనది.

ఇంగ్లండులోను చలికాలమున క్రొత్త దుంపలు తినవలెనని ముచ్చటపడు తోటమాలులు లేకపోలేదు. వారు కొన్ని విత్తనపు దుంపలను చల్లని చోట నిద్రపుచ్చి యుంచి, ఆగస్టు మాసమున నాటి, మంచు పడునప్పటికి మొక్కలకు కప్పు వేసి కాపాడి, క్రిస్మసు పండుగనాటికి త్రవ్వుకొందురు. అచ్చట అది పెరటి వేడుక. మన దేశమున పండు బంగాళాదుంపలో ఐదింట నాలుగు వంతులకు మించి చలికాలపు పంటయే.

దుంప నిద్రించుననుట అలంకారము కాదు. క్రొత్తగా త్రవ్విన దుంపను ఎంత మంచి నేలలో నాటినను వెంటనే మొలవదు. రకమునుబట్టి ఆరు మొదలు పది వారములు అది సుప్తావస్థలో నుండును. పూర్వము కొండలలో పండిన విత్తనము మేలైనదని పేరొందెను. కాని కొండపంట చేతికి వచ్చునది సెప్టెంబరు, అక్టోబరు మాసములలో. మైదానములలో నాటవలసినదియు అప్పుడే. నిద్ర తీరని ఆ విత్తనము నేలలో మూలుగుచుండగా చలిదినములు కాస్తా గడచిపోవును.

కొండ విత్తనమునకు ఆ పేరు వచ్చుటకు కారణము పేనుబంక. ఆకుల అడుగున గుంపులుగా చేరి రసము పీల్చు ఈ చిన్న పురుగులు ఒక మొక్కనుండి మరియొక మొక్కకు వైరసు తెగుళ్లను మోసికొనిపోవును. ఆకులు పైకి చుట్టుకొనిపోవు తెగులు వానిలో నొకటి. వైరసు ఆకులతో ఆగదు. నేలలోని దుంపలోనికిని దిగును. ఆ దుంప పైకి నున్నగా, నిర్దోషముగా కనబడును. దానిని విత్తనముగా నాటినపుడు గాని లోపము బయటపడదు. ఏటేట సొంత విత్తనమునే నాటినచో దిగుబడి తగ్గి తగ్గి, కొన్ని యేండ్లలో పంట రైతు శ్రమకైనను చాలకుండ పోవును. చల్లని కొండలలో పేనుబంక తక్కువ గనుక అచ్చటి దుంప ఆరోగ్యముగా నుండెను. ఆరోగ్యమున్న విత్తనమునకు మెలకువ లేదు. మెలకువ గల విత్తనమునకు ఆరోగ్యము లేదు. ఈ చిక్కు చిరకాలము తెమలలేదు.

1949లో పాట్నాలో కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఏర్పడెను. 1956లో అది సిమ్లాకు తరలెను. ఆ సంస్థకు చెందిన పుష్కరనాథ్ అను శాస్త్రజ్ఞుడు పేనుబంక రాకపోకలను గమనించెను. ఉత్తర మైదానములలో అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఆ పురుగులు మిక్కిలి తక్కువ. జనవరిలో అవి హెచ్చసాగును. అట్లయిన, అవి విజృంభించుటకు ముందే పంటను ముగించినచో మైదానములలోనే మంచి విత్తనము పండింపవచ్చును గదా! విత్తనపు మడి పద్ధతి యని పేరొందిన ఉపాయమునకు మూలమింతే. కొండనెక్కి పురుగును తప్పించుకొనుటకు బదులు, పంచాంగములో దానిని తప్పించుకొనుట.

ఆ పద్ధతి ప్రకారము ఆరోగ్యమైన దుంపలను అక్టోబరు నడుమకు లోపల బోదెలపై నాటుదురు. మొక్కలు జానెడు పెరిగిన పిదప మొదళ్లకు మట్టి ఎగదోయుదురు. ఎండ తగిలిన దుంప పచ్చబడి చేదెక్కి తినుటకు పనికిరాదు. తెగులు సోకిన మొక్కలను పలుమాఱు వెదకి, దుంపలతోకూడ పెరికి పారవేయుదురు. డిసెంబరు చివర నీరు కట్టుట మానుదురు. నూఱు ఆకులకు ఇరువది పేనుబంక పురుగులు కనబడులోపల, ఎంత పచ్చగా నున్నను సరే, మొక్కల తలలను నేలమట్టమునకు కోసివేయుదురు. ఇంకొక మూడు వారములు ఉంచినచో దుంపలు మఱింత లావగునని తెలిసియు కోయవలసినదే! ఈ పద్ధతిలో మిక్కిలి కష్టమైన పని యిదియే. కత్తి కంటె మనసునకు పదును కావలెను.

తినుటకు పండించు రైతునకు ఈ నిర్బంధము లేదు. అతడు అరువది, డెబ్బది దినములకే కొన్ని సాళ్లు త్రవ్వి లేత దుంపలను సంతకు పంపును. బొటనవ్రేలితో ఒత్తి రుద్దిన తొక్క ఊడివచ్చుటయే క్రొత్త దుంపకు గుర్తు. శీతల గిడ్డంగిలో నెలల తరబడి యున్న పాత దుంపలో పిండిపదార్థము కొంత చక్కెరగా మారి తీపెక్కును. క్రొత్త దుంపకు ఆ దోషముండదు. అందుచే దానికి సంతలో గిరాకి. కాని అది నిలువ యుండదు. విత్తనమునకైతే ఆ లేతతొక్కయే శత్రువు. కావుననే తలలు కోసిన తరువాత దుంపలను వెంటనే త్రవ్వక, తొక్క ముదురు వఱకు రెండు మూడు వారములు నేలలోనే యుంచుదురు.

జహీరాబాదు రైతు ఈ పద్ధతిని తన చేనిలో అనుసరింపరాదా? సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున నున్నందున ఆ సీమలో తినుదుంప పండుటకు చాలినంత చలి కలదు. కాని దక్కను పీఠభూమిలో చలి మృదువైనది. పేనుబంకను అణచియుంచునంతటి తీవ్రత దానికి లేదు. అందువలన అచ్చట పంట పండును గాని విత్తనము నిలువదు.

జనవరిలో ఉత్తరాదిన త్రవ్విన విత్తనపు దుంపలు వేసవి ముదరకముందే శీతల గిడ్డంగులను చేరును. 2 మొదలు 4 డిగ్రీల చలిలో వేసవియు వానకాలమును నిద్రించును. నాటుటకు రెండు వారముల ముందు వానిని వెలుపలికి తీసి, నీడలో, మసక వెలుతురులో పలుచగా పఱచుదురు. చీకటిలో సాగిన మొలకలు తెల్లగా, బలహీనముగా నుండి చేయి తగులగానే విరిగిపోవును. వెలుతురులో వచ్చినవి పొట్టిగా, గట్టిగా నుండును. జహీరాబాదులో మూట విప్పిన రైతు కన్నులలో వెదకునది అట్టి పొట్టి మొలకనే. అది కనబడినదా, మఱునాడే అరక కట్టును. కనబడనిచో దుంపలను కొట్టములో పఱచి, ఫిబ్రవరి ఎండలు తఱుముకొని రాకముందే మెలకువ రావలెనని దినములు లెక్కించుచు కూర్చుండును.