జరిమానా కట్టే ముందు

చిరంజీవి నానికి,

నీకు స్పీడింగ్ టికెట్ పడిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. హైవే మీద 65 మైళ్ళ పరిమితి ఉన్నచోట 79లో వెళ్తుంటే ఊరి పోలీసు ఆపాడట. "వాడు ఆన్‌లైన్‌లో కట్టేస్తానంటున్నాడక్కా, అంతటితో పోతుందిగా" అంది. అంతటితో పోదు నాన్నా. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలేయకుండా ఉత్తరం రాస్తున్నాను. ఈ డాలస్ చుట్టుపక్కల కోర్టుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చుంటున్నదాన్ని. నీ వయసు పిల్లలు చిన్న టికెట్టును పెద్ద తలనొప్పి చేసుకోవడం చూస్తూనే ఉన్నాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకో. హైదరాబాదులో ఈ-చలాన్ వస్తే ఫోన్లో కట్టేస్తాం, మరిచిపోతాం. కొందరైతే రాయితీ వచ్చేదాకా ఆగుతారు. 2022లో, మళ్ళీ 2023 డిసెంబరులో తెలంగాణలో పెండింగ్ చలాన్లకు అలా తగ్గింపు ఇచ్చారు కూడా. టెక్సస్‌లో ఆ రెండు అలవాట్లూ పనికిరావు. ఇక్కడ స్పీడింగ్ టికెట్ అంటే క్లాస్ సి మిస్‌డిమీనర్. అన్నిటికన్నా కింది తరగతి కేసే, జైలు శిక్ష ఉండదు, జరిమానాతో సరి. అయినా అది క్రిమినల్ కేసే. ఏమీ అడగకుండా డబ్బు కట్టేశావంటే కేసులో పోటీ చేయనని చెప్పినట్టు లెక్క, శిక్ష ఖాయమవుతుంది. అది నీ డ్రైవింగ్ రికార్డుకెక్కుతుంది, ఇన్సూరెన్స్ వాళ్ళ కంట పడుతుంది, ప్రీమియం పెరుగుతుంది. శిక్ష రికార్డుకెక్కకుండా ఈ కేసు కొట్టేయించుకునే దారి నీకుండగా, తొందరపడి కట్టేసి ఆ దారి మూసుకోవద్దు.

టికెట్ మీద సంతకం పెట్టానని భయపడుతున్నావట. ఆ సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు. చెప్పిన తేదీలోగా కోర్టుకు జవాబిస్తానని మాట ఇచ్చినట్టు, అంతే. ఆ మాట తప్పితేనే చిక్కు.

ఇప్పుడు నీ కేసు ఏ కోర్టులో ఉందో చూడు. నువ్వు డెంటన్‌లో ఉంటున్నావని డెంటన్ కోర్టులో వెతక్కు. నువ్వు ఎక్కడుంటున్నావన్నది కాదు, ఎక్కడ ఆపారు, ఎవరు ఆపారు అన్నదే లెక్క. ఊరి పోలీసు రాసిన టికెట్ ఆ ఊరి మునిసిపల్ కోర్టుకు పోతుంది. స్టేట్ ట్రూపర్, షెరిఫ్ డెప్యూటీ, కాన్‌స్టబుల్ రాసింది కౌంటీలోని జస్టిస్ కోర్టుకు పోతుంది. వాటికి ప్రిసింక్ట్ నంబర్లుంటాయి, ఒక్కో కౌంటీలో చాలానే ఉంటాయి. కౌంటీని బట్టి ఊహించడం ఈ ప్రాంతంలో అసలు కుదరదు. డాలస్ నగరమొక్కటే ఐదు కౌంటీల్లోకి పాకింది. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. టికెట్ మీద కోర్టు పేరు, చిరునామా అచ్చువేసి ఉంటాయి. దాన్నే నమ్ము.

రికార్డు వెతికేటప్పుడు మన పిల్లలు తికమకపడేది పేరు దగ్గర. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది. పాస్‌పోర్టులో ఒక రకంగా, లైసెన్సు మీద ఇంకో రకంగా పడుతుంది. 'వెంకట సాయి' అన్న రెండు మాటల్లో ఒకటి మొదటి పేరై, రెండోది మధ్య పేరై కూర్చుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి నింపినా, సొంత పేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకు వీసాలో మొదటి పేరుగా ఎఫ్.ఎన్.యు. అని వేస్తారు. మొదటి పేరు తెలియదని దాని అర్థం. అదే లైసెన్సుకూ పాకుతుంది, కోర్టు రికార్డుకూ పాకుతుంది. అలాంటివాళ్ళు తమ పేరు కొట్టి చూసి, ఏమీ రాలేదని, కేసు లేదనుకుని హాయిగా ఉండిపోతారు. నువ్వు పేరుతో వెతక్కు. టికెట్ మీది సైటేషన్ నంబరుతో వెతుకు. కోర్టు వెబ్‌సైటు అడిగితే లైసెన్సు నంబరు, పుట్టినతేదీ ఇవ్వు. తేదీలో నెల ముందు, రోజు తర్వాత అని మరిచిపోకు. నీ టికెట్ మీద హాజరు కావాల్సిన తేదీ కూడా అలాగే ఉంటుంది. 03/07 అంటే ఇక్కడ మార్చి 7, జూలై 3 కాదు. జూలై దాకా టైముందనుకుని మార్చిలో కోర్టు తప్పిన పిల్లవాడి పక్కన కూర్చుని జడ్జి మాటలు తెలుగులో చెప్పాను. పాపం, వాడికి ముఖాన నెత్తురుచుక్క లేదు.

టికెట్ రాసిన మర్నాడే రికార్డు కనపడదు. పోలీసు వివరాలు కోర్టుకు చేరి, క్లర్కు ఎక్కించేదాకా కొన్ని రోజులు పడుతుంది. వారం దాటినా కనపడకపోతే క్లర్కు ఆఫీసుకు ఫోన్ చెయ్యి. వాళ్ళు నీకు సలహా చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ కేసు ఎక్కిందా, తేదీ ఎప్పుడు, ఏయే కాగితాలు కావాలి అంటే మర్యాదగానే చెప్తారు. గూగుల్లో పైన కనపడే 'కోర్టు రికార్డులు' సైట్లలో చాలావరకు డబ్బుల కోసం పెట్టినవి, వాటిలో సమాచారం పాతదై ఉండొచ్చు. కార్డు నంబరు వాటికివ్వకు. టికెట్ కట్టకపోతే లైసెన్సు పోతుందంటూ లింకుతో వచ్చే మెసేజీలూ అంతే. నొక్కకుండా తీసెయ్.

ఇక నీ కేసు. నీకు టెక్సస్ లైసెన్సుంది, ఇన్సూరెన్సుంది, పరిమితి కన్నా 14 మైళ్ళే ఎక్కువ. ఇదే 25 మైళ్ళు దాటి ఉంటే, లేదా 95కి చేరి ఉంటే, లేదా పనివాళ్ళున్న రోడ్డు మరమ్మతు జోన్‌లో ఆపి ఉంటే నేను చెప్పబోయేది నీకు వర్తించేది కాదు. గడిచిన 12 నెలల్లో ఏ టికెట్ కోసమూ డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు చెయ్యలేదు కదా? అయితే ఇప్పుడు ఆ కోర్సు అడిగే హక్కు నీకుంది. మన వాళ్ళు దీన్నే డిఫెన్సివ్ డ్రైవింగ్ అంటారు. టికెట్ మీది తేదీలోగా కోర్టుకు అర్జీ పెట్టాలి. పోటీ చేయను అని ప్లీ రాసి, లైసెన్సు, ఇన్సూరెన్స్ కాపీలు జతచేసి, కోర్టు ఖర్చులు కట్టాలి. ఆ తర్వాత 90 రోజుల్లో ఆరు గంటల కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్టూ, లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ డీపీఎస్ నుంచి తెప్పించిన డ్రైవింగ్ రికార్డూ ఇవ్వాలి. ఆ రికార్డు మామూలు కాపీ కాదు, టైప్ 3ఏ అనే సర్టిఫైడ్ కాపీ కావాలి. కోర్సు శ్రద్ధగా చేసి, ఈ కాగితం తప్పు రకం తెచ్చి గడువు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అన్నీ సమయానికి అందితే కేసు కొట్టేస్తారు.

అది కుదరనివాళ్ళకు డిఫర్డ్ డిస్పొజిషన్ ఉంది. కొన్ని నెలలు, ఎక్కువలో ఎక్కువ 180 రోజులు, మళ్ళీ టికెట్ లేకుండా నడుపుకుంటే కేసు పోతుంది. అది ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జి ఇష్టం. నీలా 25 ఏళ్ళు నిండనివాళ్ళకు అందులోనూ కోర్సు చెయ్యమంటారు. తప్పు చెయ్యలేదని నిజంగా నమ్మితే నాట్ గిల్టీ అని విచారణ కోరొచ్చు. ఇంత చిన్న కేసుకైనా టెక్సస్‌లో ఆరుగురు జ్యూరీని అడిగే హక్కుంది, నాకు ఈ రాష్ట్రంలో బాగా నచ్చిన విషయం అది. ఇంగ్లీషులో తడబడేవాళ్ళు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందుగా అడగొచ్చు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ మాట నీ స్నేహితులకూ చెప్పు.

తేదీ మాత్రం తప్పకు. పరీక్ష అడ్డొస్తే ముందే ఫోన్ చేసి వాయిదా అడుగు. డబ్బు లేకపోతే ఆ మాటే చెప్పు. వాయిదాల్లో కట్టనివ్వడం, సమాజ సేవ చేయించుకోవడం జడ్జి చేతిలో ఉన్నాయి. చెప్పకుండా మానేస్తే హాజరు కానందుకు ఇంకో కేసు, వారెంట్, లైసెన్సు రెన్యువల్ ఆగిపోవడం, ఒకదాని వెనక ఒకటి రావచ్చు.

ఇవన్నీ ఇంత వివరంగా రాయడానికి అసలు కారణం నీ స్టూడెంట్ వీసా. 2025 ఏప్రిల్‌లో విదేశీ విద్యార్థుల పేర్లను ఎఫ్.బి.ఐ. నేర సమాచార డేటాబేస్‌తో పోల్చి, విద్యార్థి హోదాను నమోదుచేసే సెవిస్‌లో వేలమంది రికార్డులు ఒక్కసారిగా రద్దు చేశారు. వాళ్ళలో ట్రాఫిక్ కేసులవాళ్ళూ, ఎప్పుడో కొట్టేసిన కేసులవాళ్ళూ ఉన్నారు. విద్యార్థులు ఫెడరల్ కోర్టులకెక్కాక ఆ నెలాఖరున పునరుద్ధరించడం మొదలుపెట్టారు. మామూలు స్పీడింగ్ టికెట్ వల్ల నీ చదువు పోతుందని నేననడం లేదు. కానీ ఎవరు ఎప్పుడు అడిగినా చూపించే కాగితం నీ దగ్గర ఉండాలి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టుల గురించీ శిక్షల గురించీ అడుగుతారు. అక్కడ నోటిమాట చాలదు. కేసు ముగిశాక క్లర్కు దగ్గరకెళ్ళి, కేసు ఎలా ముగిసిందో చెప్పే డిస్పొజిషన్ సర్టిఫైడ్ కాపీ అడిగి తీసుకో. ముద్ర, సంతకం ఉన్నదే కావాలి, స్క్రీన్‌షాట్ కాదు. పాస్‌పోర్టు పక్కన పెట్టు, ఫోటో తీసి మీ అమ్మకు పంపు. కోర్టులు పాత ఫైళ్ళను కొన్నేళ్ళకు తీసేస్తాయి, అప్పుడు ఈ కాపీ కోసం ఎంత తిరిగినా దొరకదు.

నువ్వు చెయ్యవు గానీ, చెప్పాల్సిన బాధ్యత నాది. తాగి నడపడం, రేసింగ్, గుద్ది పారిపోవడం, ఇవి ఈ ఉత్తరంలో చెప్పిన లెక్కలోకి రావు. తాగి నడిపి అరెస్టయితే శిక్ష పడకముందే వీసా రద్దు కావచ్చు. అలాంటిది నీ స్నేహితులకెవరికైనా జరిగితే ఒక్క మాట మాట్లాడకముందే లాయరును పట్టుకోమను, ఇమిగ్రేషన్ తెలిసినవాణ్ణి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచితంగా సలహా చెప్పే లీగల్ సర్వీసెస్ ఆఫీసు ఉంటుంది. నీకూ ఏ కాగితం దగ్గర అనుమానమొచ్చినా అక్కడికెళ్ళు.

ఈ రాత్రే టికెట్ రెండువైపులా ఫోటో తీసి నాకు పంపు. కోర్టు పేరు, సైటేషన్ నంబరు, హాజరు తేదీ స్పష్టంగా కనపడాలి. సోమవారం పొద్దున కోర్టు తెరిచాక నువ్వే క్లర్కుకు ఫోన్ చేసి అర్జీ ఎలా పెట్టాలో అడుగు. ఏం చెప్పారో నాకు చెప్పేదాకా పే బటన్ జోలికి పోవద్దు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ